ఆరున్నొక్కటో డేగ

శరదృతువు వచ్చిందంటే మణిశైల రాజ్యంలో ఆకాశానికి తీరిక ఉండదు. వానలు వెనకపట్టి, మబ్బులు ఏకిన దూదిలా పలచబడి, వరిచేలు పొట్టకొచ్చే వేళకు ఉత్తరపు మంచుకోనల నుంచి వేటపక్షులు బయలుదేరతాయి. రాగిరంగు డేగలు, బూడిదవన్నె సాళువలు, కొడవలి రెక్కల బైరిపిట్టలు, వాటి మధ్య పెద్దమనుషుల్లా తాపీగా తేలే గద్దలు గుంపులు గుంపులుగా దక్షిణానికి సాగిపోతాయి. ఆ దారికి అడ్డంగా, చెట్టూ చేమా లేని రాతివీపుతో పడుకుని ఉన్న కొండకొమ్ము పేరు రెక్కలబోడు.

పొద్దెక్కి బండలు వేడెక్కగానే అక్కడ గాలి పైకి లేస్తుంది. పక్షులు రెక్క ఆడించకుండా ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతాయి. దాన్ని అక్కడివాళ్ళు గానుగ అంటారు. గానుగ కొసకు చేరిన పక్షులు ఒకదాని వెనక ఒకటి జారి కొండకొమ్ము దాటుతాయి. దాన్ని ధార అంటారు. ఎంచేది ధారలోనే. గానుగలో ఎంచబోయినవాడికి తల తిరగడం తప్ప ఏమీ మిగలదు.

పక్షుల్ని లెక్కపెట్టడమూ ఒక పనేనా అని నవ్వుకునేరు! డేగలు తగ్గితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే గాదెలు ఖాళీ. అందుకే మణిశైలంలో ధాన్యాన్ని కొలిచినట్టే డేగల్ని ఎంచుతారు. కళ్ళంలో కొలిచేవాడు ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. విన్నవాళ్ళంతా చేతిలో పని ఆపి ‘కలగాలి!’ అంటారు. నిద్రపోయే పసివాడి చెవిలో లాభం అన్నా పెదవులు కదులుతాయని ఆ దేశంలో సామెత. ఇక ‘ఏడు’ అనే మాటను లెక్కలో చచ్చినా నోట రానివ్వరు. ఏడు అంటే ఎదుటివాణ్ణి ఏడవమన్నట్టేనట! ఆరు కాగానే ‘ఆరున్నొక్కటి’ అనేసి ఎనిమిదికి దూకుతారు.

ఆ ఉదయం మాసిన పాగాతో, భుజాన కావడిబద్దతో, ఉప్పుమూటల కూలివాడి వేషంలో రెక్కలబోడు మీద నిలబడ్డ యువకుడు మణిశైలపు చిన్న రాకుమారుడు శరభాంకుడు. అతని అన్న కువలయుడు రెండు నెలల కిందట మూడు వేల సైన్యంతో జంభకర్ణుడనే మాంత్రికుడి మీదికి దండెత్తి వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. చివరికి ఒక వేగులవాడు కోటగుమ్మంలో కూలిపోతూ, ‘పెద్ద దొరను మాంత్రికుడు డేగను చేశాడు’ అని మాత్రం చెప్పి కన్ను మూశాడు. సైన్యమంతా సమసిపోయిందనే అందరూ అనుకున్నారు. డేగ అయినవాడు డేగల దారినే పోవాలి కదా! అన్నను వెతుక్కుంటూ శరభాంకుడు ఈ కొండెక్కాడు.

అక్కడ లెక్కకు పెద్ద బైరమ్మ. డెబ్భయ్యేళ్ళ మనిషి, కంఠం మాత్రం కొమ్ముబూర. ముందురోజు సాయంత్రం ఆమె శరభాంకుడి చేతుల వంక ఒక్క చూపు చూసి పకపకా నవ్వింది.

“ఉప్పు మోసేవాడివి భుజాన కాయ కాయలేదేందిరా అబ్బోడా? కత్తి పట్టిన కాయలు మటుకు అరచేతి నిండా ఉండాయే!”

ఇక దాచి లాభం లేదని శరభాంకుడు ఉన్నదంతా చెప్పాడు. బైరమ్మ నవ్వు ఆగిపోయింది.

“నీ అన్నను పట్టడం బ్రహ్మవిద్దె కాదులే నాయనా. రేపు నేను ఎంచేటప్పుడు లాభం అని గట్టిగా అంటా. అడవిలో పుట్టిన డేగకి నా లాభమూ తెలీదు, నష్టమూ తెలీదు. మణిశైలంలో పుట్టినోడు మటుకు ఏ తోలు తొడుక్కున్నా పలక్కుండా ఉండలేడు. పలికినదాన్ని పట్టు.”

“పట్టాక మనిషిని చేసేదెట్లా అవ్వా?”

“దానికో మాటుంది. గాలికి చెప్పేది కాదు. పిట్ట చేతికి చిక్కనీ, చెబుతా.”

తెల్లవారి శరభాంకుడు లేచేసరికి బైరమ్మ అప్పటికే బండ మీద కూర్చుని ఉంది. పక్కన ఒక గంప బోర్లించి ఉంది. దాని మీద రాయి, లోపల ఏదో గీరుతున్న చప్పుడు.

“జబ్బు గద్ద, ముట్టుకోమాక,” అందామె అటు చూడకుండానే. “ఇయ్యాల నోరెత్తి ఎంచొద్దు. పిట్టలు బెదురుతాయి. నా కళ్ళు మసకేశాయి, నువ్వే ఎంచు. మనసులో లెక్కపెట్టి, పదికొక చింతగింజ ఈ కుండలో వెయ్యి. పొద్దు గూకే ముందు మొత్తం ఇన్ని పక్షులని గట్టిగా అరిచి లెక్క మూయి.”

“మరి లాభం అని పిలిస్తే అన్న పలుకుతాడన్నావు?”

“సాయంత్రం పిలుద్దాంలే, తొందరేంది?”

పెద్దామె మాట కదా అని శరభాంకుడు తలూపాడు. ఆ తలూపడమే ఎంత పని చేసిందో చూడండి!

జాము పొద్దెక్కగానే గానుగ మొదలైంది. ముందు పదులుగా, తరువాత వందలుగా పక్షులు లోయలోంచి లేచాయి. మధ్యాహ్నానికి కొండ ముందు ఆకాశం కనబడకుండా పోయింది. శరభాంకుడు కంటికి రెప్ప వేయకుండా ఎంచుతూ, గింజ మీద గింజ వేస్తూ ఉన్నాడు. కుండ నిన్నటి మట్టం దాటింది, మెడ దాకా వచ్చింది. అతనికి ఆశ్చర్యం మొదలైంది.

ఎందుకంటే ఆ పక్షులు వేటపక్షుల్లా లేవు. డేగకు డేగ గిట్టదు. ఏది ఎటు తోస్తే అటు జారుతుంది. ఇవేమో నాలుగేసి చొప్పున బారులు తీరి వస్తున్నాయి. బారుకూ బారుకూ మధ్య ఎడం తప్పడం లేదు. ముందున్నది పక్కకు ఒరిగితే వెనకవన్నీ ఒక్కసారే ఒరుగుతున్నాయి. కొమ్ము దాటినవి దూరం పోకుండా దక్షిణపు వాలులో ఉన్న మద్దిచెట్ల మీదే వాలిపోతున్నాయి.

“అవ్వా, ఇదేం విడ్డూరం! కవాతు చేస్తున్నట్టు వస్తున్నాయి!”

“గాలి అట్టా ఉంది. కబుర్లు మాని ఎంచు,” అని బైరమ్మ కసిరింది.

పొద్దు పడమటి కొండ మీద జానెడు ఎత్తులోకి దిగింది. గానుగ ఇంకా తిరుగుతూనే ఉంది, అందులోంచి ఒక చిన్న ధార జారుతోంది. బైరమ్మ కాళ్ళు నిలవడం లేదు. సూర్యుడి వంకా కుండ వంకా మార్చి మార్చి చూస్తూ తనే సణగడం మొదలుపెట్టింది.

“నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది... చాల్లే, గానుగలోవి రేపటి లెక్క. మొత్తం చెప్పి లెక్క మూయి!”

శరభాంకుడి చేతిలోని చింతగింజ జారి బండ మీద పడింది. ఏడు! ఈ కొండ మీద పుట్టి, ఈ కొండ మీద పళ్ళూడిన నోరు ‘ఏడు’ అందా? తల తెగినా అనదే! అతను మెల్లగా తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. అవే ముడతలు, అదే ముక్కుపుడక.

“అవ్వా,” అన్నాడు, “లాభం!”

“లాభమా? ఎవరికి లాభం? ఏం లాభం?” అంది ఆమె చిరాగ్గా.

శరభాంకుడు ఇక ఆగలేదు. రెండు చేతులూ నోటికి దోసిలి చేసి, ఉన్న ఊపిరంతా కూడగట్టి ఆకాశంలోకి కేక పెట్టాడు.

“లా...భం!”

ఒక్క డేగ పలుకుతుందని చెవి రిక్కించాడు పాపం. ఆకాశం మొత్తం పలికింది! గానుగలో తిరుగుతున్న వందలూ, ధారలో జారుతున్నవీ, దక్షిణపు మద్దిచెట్ల మీద వాలిన వేలూ ఒకే గొంతుతో, ఒకే క్షణాన క్రీ...మని అరిచాయి. ఆ అరుపుకు బండల సందుల్లోని మట్టి రాలింది. పక్కనున్న గంప కింది నుంచి కూడా ఒక అరుపు వినిపించింది, అది అన్నిటికంటే బిగ్గరగా.

శరభాంకుడు మద్దిచెట్ల వైపు చూశాడు. మూడు వేలమంది! చచ్చారని కోటలో కర్మలు చేయించిన మూడు వేలమంది! వాళ్ళ భార్యలు గాజులు తీసేసి నెలయింది. వాళ్ళందరినీ పొద్దుటి నుంచి తానే, తన చేత్తోనే, పదికొక చింతగింజగా కుండలో పోశాడు!

“పలికారా? పలకనీ,” అంది బైరమ్మ. ఆ గొంతు ఇప్పుడు బైరమ్మది కాదు. ముడతలు మైనంలా కరిగాయి. వంగిన నడుము తాటిచెట్టులా లేచింది. చాటలంత చెవులతో, నిప్పుకణికల కళ్ళతో జంభకర్ణుడు ఎదుట నిలిచాడు!

“రాకుమారా, ఒక్క మాటలో దొరికిపోయాను. మా దేశంలో ఏడంటే ఏడే. ఇంకా మించిపోయింది లేదు. ఈ బోడు మీద మణిశైలంలో పుట్టిన నోరు దేన్ని ఏదని చెప్పి లెక్క మూస్తే, అది ఇక అదే. ‘ఇన్ని పక్షులు’ అని నువ్వొక్క మాట అను. వీళ్ళు పక్షులుగానే పుట్టి పక్షులుగానే చస్తారు. నేనంటే చెల్లదు కనకనే ఇంత తంటా. పొద్దు గూకే లోపల అన్నావా, నీ అన్న ఒక్కణ్ణి నీకు వదిలేస్తాను.”

శరభాంకుడు ఆకాశం వంక చూశాడు. అన్న కోసమే కదా అడవులు పట్టి వచ్చింది! అన్న ఒక్కడు ఒకవైపు, అన్నను నమ్మి వెళ్ళిన మూడు వేలు ఒకవైపు. ఆలోచిస్తే మనసు మెత్తబడుతుందని అతనికి తెలుసు. అందుకే ఆలోచించలేదు. కాలెత్తి కుండను ఒక్క తాపు తన్నాడు.

కుండ బండ మీద పగిలింది. చింతగింజలు గలగలమంటూ కొండ అంచు దాటి లోయలోకి రాలిపోయాయి.

“లెక్క తప్పింది!” అని అరిచాడు శరభాంకుడు. రెక్కలబోడు మీద ఏనాడూ ఎవరి నోటా రాని మాట అది.

జంభకర్ణుడు ఘీంకరించి గుప్పెడు బూడిద విసిరాడు. శరభాంకుడు పక్కకు దొర్లాడు. బూడిద పడిన బండ నెరలు విచ్చి పొగలు కక్కింది. లేస్తూనే అతను కావడిబద్దను మధ్యకు విరిచాడు. వెదురులో దాచిన కత్తి తళుక్కుమంది. మాంత్రికుడు రెండో గుప్పెడు తీసేలోగా కత్తి వాడి చెవి తమ్మెను ఎగరగొట్టింది. వాడు కెవ్వున అరిచి, పొగలా చుట్టుకుని, డేగ రూపంలో పైకి లేచాడు. వేల డేగల్లో ఒక డేగ! కన్ను మూసి తెరిచేలోగా గానుగలో కలిసిపోయాడు. ఇక వాణ్ణి పోల్చడం ఎవరి తరం?

గంపలోంచి గీరుతున్న చప్పుడు విని శరభాంకుడు అటు పరుగెత్తాడు. రాయి తోసి, గంప ఎత్తాడు. బొచ్చు రాలిన ముసలి గద్ద ఒకటి రెక్కలు సాచి, అతని వంక కోపంగా చూసింది. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

“నువ్వేనా అవ్వా? ఆ మాట ఏదో చెప్పకుండానే ఇట్లా అయిపోయావా? ఇక ఈ కొండ మీద మిగిలింది మనమిద్దరమే కదా!”

‘ఇద్దరమే’ అన్న మాట పూర్తి కాలేదు. గద్ద ఈకలు జలజలా రాలాయి. గంప పక్కన చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ బైరమ్మ కూర్చుని ఉంది!

శరభాంకుడు వెనక్కి పడ్డాడు.

“నోరు మూయరా, ఈగలు దూరతాయి,” అంది బైరమ్మ. “పొద్దుటి నుంచి గంప గీరీ గీరీ గోళ్ళు అరిగినాయి. ఆ మాట నీ అంతట నువ్వే అనేస్తివి.”

“ఏ మాట?”

“ఇద్దరం అనలా? పిట్టలైతే రెండు, మనుషులైతే ఇద్దరు. పశువుకీ పిట్టకీ ఒక లెక్క, మనిషికొక లెక్క పెట్టుకున్న నోరురా మనది! రెండు అని ఎంచితే పిట్టే. ఇద్దరు అని ఎంచితే ఈ బోడు మీద మనిషై తీరాలి. లెయ్యి. పొద్దు పూర్తిగా గూకాక మొదలుపెడితే ఈ మహిమ ఉండదు. ఆకాశాన ఉన్న వాళ్ళకి ఈ దారి మళ్ళీ వచ్చేది వచ్చే శరత్తుకే, అందాకా ఎందరు బతుకుతారో!”

శరభాంకుడు లేచి మరోసారి లాభం అని కేక పెట్టి చేతులూపాడు. ఆకాశం కూలినట్టు పక్షులు దిగాయి. బండల మీద, గుండ్ల మీద, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బారులు తీరి వాలాయి. ఆ రెక్కల గాలికి అతని పాగా ఎగిరిపోయింది.

వాటిలోంచి ఒక రాగిరంగు డేగ తిన్నగా వచ్చి అతని ఎడమ మణికట్టు మీద వాలింది. శరభాంకుడు దాని కాలి వంక చూశాడు. ఎడమకాలికి ఒక వేలు లేదు! కువలయుడికి ఎడమచేతి చిటికెనవేలు లేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి మొసలి నోటి నుంచి లాగుతూ పోగొట్టుకున్న వేలు అది.

“అన్నయ్యా!” అని శరభాంకుడు దాన్ని గుండెకు హత్తుకున్నాడు. డేగ అతని చెంపకు తల ఆనించింది. ఆ కౌగిలి చూసి బైరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, కానీ మాట మాత్రం కటువుగానే అంది.

“మురిసింది చాలు. ఆ దొంగవెధవ ఈ గుంపులోనే దూరి ఉండాడు. పొరబాటున వాణ్ణీ మనిషని ఎంచావో, మణిశైలం మనుషుల్లో ఒకడై కూర్చుంటాడు. ఆపైన కోటలో ఏ తలుపూ వాణ్ణి ఆపదు, ఏ కత్తీ వాణ్ణి తెగ్గొట్టదు. కుడి నుంచి మొదలుపెట్టు. వరస తప్పితే లెక్క చెల్లదు. మీ అన్నయినా సరే, నీ చెయ్యి వరసలోకి వచ్చినప్పుడే.”

శరభాంకుడు కుడికొసన ఉన్న సాళువ వైపు వేలు చూపాడు. “ఒకరు!”

ఈకలు రాలాయి. ఆ చోట బుర్రమీసాల భటుడొకడు, చేతులు ఇంకా రెక్కల్లా ఆడిస్తూ నిలబడ్డాడు!

“ఇద్దరు! ముగ్గురు!”

ఒకడు మోకాళ్ళ మీద పడి మట్టిని ముద్దు పెట్టుకున్నాడు. ఒకడు తన ముక్కును తడిమి తడిమి చూసుకున్నాడు.

“నలుగురు! అయిదుగురు! ఆరుగురు!”

ఇక వరస అతని చేతి దగ్గరకు వచ్చింది. పొద్దు కొండకు తగిలింది. మణికట్టు మీది డేగ మెడ చాచి, ఆత్రంగా అతని పెదవుల వంకే చూస్తోంది. శరభాంకుడు నోరు తెరిచాడు. అంతలోనే మూశాడు.

ఏడుగురు. అందులో ఏడు ఉంది! రెండు నెలల తరువాత దొరికిన అన్నను ఆ మాటతో పిలవాలా? వల్లమాలిన కీడు అది. ఆరుగురున్నొక్కరు అందామన్నా నోరు సాగలేదు. అన్న తిరిగి రావలసింది లాభంతో. లెక్క మళ్ళీ అన్నతోనే మొదలుపెడతానన్నట్టు బైరమ్మ వంక చూసి, సంతోషం పట్టలేక గొంతెత్తి అరిచాడు.

“లాభం!”

“కలగాలి!” అన్నారు ఆరుగురు భటులూ, అలవాటైన గొంతులతో. “కలగాలి!” అంది బైరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. బండల మీది వేల పక్షులు ఒక్కసారిగా అరిచాయి. అందరికంటే వెనక, దూరపు గుండు మీద నుంచి ఒక రాగిరంగు డేగ గొంతు చించుకుని అరుస్తూ, పక్షుల్ని తోసుకుంటూ ముందుకు కుంటుతోంది. దాని ఎడమకాలికి కూడా ఒక వేలు లేదు!

శరభాంకుడి మణికట్టు మీది డేగ మాత్రం ముక్కు తెరవలేదు.

అతను నెమ్మదిగా దానివైపు తల తిప్పాడు. దాని చెవి ఉండవలసిన చోట ఈకల కింది నుంచి పచ్చి నెత్తురు కారుతోంది. డేగ గోళ్ళు మణికట్టు ఎముక దాకా దిగాయి, కత్తి పట్టిన చెయ్యి కదిలేలోగా రెండో కాలు అతని కంఠం మీదికి వచ్చింది. అప్పుడు అది ముక్కు తెరిచింది. నోరారా నవ్వి, ఆరు తరువాత రావలసిన ఆ మాటను మనిషి గొంతుతో, అంకెలా కాదు, ఆజ్ఞలా పలికింది.

“ఏడు!”